వానకు డిష్ పోతుంది, ఫోను ఎందుకు పోదు?

ప్రశ్న సారాంశం ఇది: ఇల్లు కావలి దగ్గర, సముద్రానికి నాలుగైదు కిలోమీటర్లు. మిద్దె మీద నెలనెలా డబ్బు కట్టక్కర్లేని డీడీ ఫ్రీ డిష్. గట్టి వాన పడితే బొమ్మ పోతుంది. అదే వానలో సెల్‌ఫోను మోగుతూనే ఉంటుంది, ఎఫ్ఎం పాడుతూనే ఉంటుంది. అన్నీ విద్యుదయస్కాంత తరంగాలే అయితే వాన ఒక్క డిష్ మీదే ఎందుకు పగబట్టింది, డిష్ మార్చాలా అని అడిగారు. ఓవెన్ గురించి, పక్కింటి మీది టవర్ గురించి కూడా చెప్పమన్నారు.

అన్నీ ఒకే జాతి అన్నది నిజమే. శూన్యంలో అన్నిటి వేగం ఒకటే, సెకనుకు 2,99,792 కిలోమీటర్లు. గాలిలోనూ ఇంచుమించు అంతే, లెక్కకు 3 లక్షలు అనుకోండి. తేడా అంతా తరంగదైర్ఘ్యంలో ఉంది, అంటే ఒక అల శిఖరం నుంచి పక్క అల శిఖరానికి ఉన్న దూరంలో. 300ను మెగాహెర్ట్జ్ అంకెతో భాగిస్తే అది మీటర్లలో వచ్చేస్తుంది. విజయవాడ ఆకాశవాణి మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్, అంటే 358 మీటర్లు. ఒక్క అల మీ వీధి ఈ చివర నుంచి ఆ చివరకు ఉంటుంది. ఎఫ్ఎం 100 మెగాహెర్ట్జ్ దగ్గర 3 మీటర్లు. సెల్‌ఫోను 900 దగ్గర 33 సెంటీమీటర్లు, 1800 దగ్గర 17. వైఫై 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పన్నెండున్నర. మీ డిష్‌కు ఉపగ్రహం నుంచి వచ్చేది కేయూ బ్యాండు, 11 గిగాహెర్ట్జ్ పైచిలుకు. తరంగదైర్ఘ్యం రెండున్నర సెంటీమీటర్లు, బొటనవేలి వెడల్పు కంటే కాస్త ఎక్కువ. టీవీ రిమోటు పరారుణ కిరణం 940 నానోమీటర్ల దగ్గర, కంటికి కనిపించే వెలుగు 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య.

ఇప్పుడు వానచినుకును పెట్టి చూడండి. గట్టివానలో చినుకు 2 నుంచి 5 మిల్లీమీటర్లు. సముద్రంలో పాతిన గుంజను పెద్ద అల పట్టించుకోదు, దాటుకుని పోతుంది. చెరువులో సన్నటి అలలు అదే గుంజకు తగిలి చెదురుతాయి. 33 సెంటీమీటర్ల అలకు చినుకు లెక్కలోది కాదు, రెండున్నర సెంటీమీటర్ల అలకు లెక్కలోదే. దీనికి తోడు నీటి గుణం ఒకటుంది. నీటి అణువుకు ఒక కొస ధనం, ఒక కొస ఋణం. అల ఊగినట్టల్లా అదీ తిరగబోతుంది, పక్క అణువులతో రాసుకుంటుంది, అల శక్తి వేడిగా పోతుంది. ఈ పీల్చుకోవడం సుమారు 20 గిగాహెర్ట్జ్ దాకా పెరుగుతూ పోతుంది. చెదరగొట్టడం, పీల్చుకోవడం, రెండూ కలిసి మీ డిష్‌ను దెబ్బకొడుతున్నాయి.

అంకెల్లో చూస్తే, గంటకు 100 మిల్లీమీటర్ల జోరులో పడే కుండపోత 12 గిగాహెర్ట్జ్ దగ్గర కిలోమీటరుకు 5 డెసిబెల్ల పైన తినేస్తుంది. ఆ వాన రెండు కిలోమీటర్లు అడ్డం ఉంటే 10 డెసిబెల్లు పోయినట్టే, అంటే పదింట ఒక వంతు మిగులుతుంది. అదే వాన 1800 మెగాహెర్ట్జ్ మీద కిలోమీటరుకు వందో వంతు డెసిబెల్ ప్రాంతంలో తగ్గిస్తుంది. ఫోనుకు తెలియను కూడా తెలియదు. మరి కొన్నిసార్లు వానలో ఫోనులో గీతలు నిండుగా ఉండి డేటా మాత్రం రాదేం అంటే, ఫోనుకూ టవరుకూ మధ్య ఇబ్బంది లేదు. ఆ టవరు నుంచి పక్క టవరుకు 15 గిగాహెర్ట్జ్, ఆ పైన నడిచే మైక్రోవేవ్ లింకు ఉంటుంది. తడిసేది అది. డ్రమ్ము ఆకారంలో టవరుకు తగిలించి ఉంటుంది చూడండి, అదే.

మీరు గమనించి ఉండకపోవచ్చు, మన ప్రాంతంలో చాలాసార్లు బొమ్మ వాన మొదలవకముందే పోతుంది, ఇంటి దగ్గర వాన తగ్గకముందే తిరిగి వస్తుంది. ఫ్రీ డిష్ ఉపగ్రహం జీశాట్-15, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. అంటే మనకు ఆగ్నేయంగా, సుమారు 67 డిగ్రీల ఎత్తులో. వాన పుట్టే ఎత్తు 5 కిలోమీటర్లు అనుకుంటే డిష్ నుంచి ఉపగ్రహం వైపు గీసిన గీత నేల మీద రెండు కిలోమీటర్లు ఆగ్నేయానికి సాగుతుంది. కార్తీక మాసపు వానలు ఎక్కువగా సముద్రం మీది నుంచే వస్తాయి కాబట్టి మబ్బు ముందు ఆ గీతను కప్పి, తర్వాతే మీ మిద్దె మీదికి వస్తుంది. ఇది డిష్ దోషం కాదు.

దోషం ఉందో లేదో వాన రకాన్ని బట్టే చెప్పొచ్చు. కుండపోతకు పది పదిహేను నిమిషాలు పోయి మళ్లీ తనంతట తాను వస్తే అది తరంగాల గుణం. మూడు రోజుల ముసురుకు పోతుంటే మాత్రం డిష్‌లో తప్పు ఉంది. ముసురు గంటకు 5 మిల్లీమీటర్లు ఉంటే కిలోమీటరుకు 0.2 డెసిబెల్ కూడా తగ్గించదు. వాన వెలిసి ఎండ కాసినా పూట దాకా బొమ్మ రాకపోతే కనెక్టరులో నీళ్లు చేరాయి. అది మూడో రకం. సముద్రం దగ్గరి ఇళ్లలో ఈ మూడో రకం మామూలే, డిష్ కొత్తది కొన్నా మళ్లీ ఇదే జరుగుతుంది.

కాబట్టి కొనడానికి ముందు ఇవి చూడండి.

మొదట సెటాప్ బాక్సులో సిగ్నల్ తెర తెరవండి. అందులో స్ట్రెంగ్త్, క్వాలిటీ అని రెండు పట్టీలు ఉంటాయి. స్ట్రెంగ్త్‌ను నమ్మకండి. ఎల్‌ఎన్‌బీకి, అంటే డిష్ ముందు కొమ్మకు బిగించి సిగ్నల్ పట్టే ముక్కకు, కరెంటు అందితే చాలు, డిష్‌ను గోడ వైపు తిప్పినా అది 60, 70 చూపిస్తుంది. సద్దును (నాయిస్) కూడా కలుపుకుని చూపించే అంకె అది. చూడవలసింది క్వాలిటీ. ఎండలో బొమ్మ శుభ్రంగా ఉంది కాబట్టి డిష్ సరిగ్గానే ఉందనుకోవడం ఇంకో పొరపాటు. డిజిటల్ బొమ్మ పాత యాంటెన్నా బొమ్మలాగా చుక్కలు చుక్కలుగా పాడవదు. గీత పైన ఉన్నంతసేపు నిండుగా ఉంటుంది, గీత కిందికి రాగానే గళ్లుగళ్లుగా విరిగి ఆగిపోతుంది. గీతకు పైన ఎంత మిగులుంది అన్నదే వానలో మిమ్మల్ని కాపాడేది, అది బొమ్మలో కనిపించదు.

ఆ మిగులు ఎక్కడ పోతుందంటే, ముఖ్యంగా గురిలో. 60 సెంటీమీటర్ల డిష్ చూపు వెడల్పు సుమారు 3 డిగ్రీలు. ఒకటిన్నర డిగ్రీ పక్కకు జరిగితే సిగ్నల్ సగం. ఒకటిన్నర డిగ్రీ అంటే డిష్ అంచు ముప్పాతిక సెంటీమీటరు కదలడమే, చిటికెనవేలి వెడల్పు కూడా కాదు. గాలికి నట్టు వదులైనా, పిల్లలు బంతి కోసం ఎక్కి పట్టుకున్నా అంత జరుగుతుంది. నెల్లూరులో దిక్కు ఉత్తరం నుంచి సవ్యంగా 136 డిగ్రీలు, ఎత్తు 67. ఒంగోలులో 138, 66. కావలి రెంటికీ మధ్య. ముందు స్తంభం నిట్టనిలువుగా ఉందో లేదో మేస్త్రి గోడకు పట్టే గుండు వేలాడదీసి రెండు పక్కల నుంచి చూడండి. స్తంభం వాలి ఉంటే ఆ తర్వాత చూసే అంకెలన్నీ తప్పే. ఫోనులోని దిక్సూచిని డిష్‌కు, మిద్దె మీది ఇనప చువ్వలకు రెండు మూడు మీటర్లు దూరంగా నిలబడి చూడండి, ఇనుము దాన్ని తప్పుదారి పట్టిస్తుంది. ఎత్తు కొలిచేటప్పుడు గుర్తుంచుకోవలసింది, మనం వాడే డిష్ ఆఫ్‌సెట్ రకం. దాని ముఖం చూసే దిక్కు కంటే ఇరవై పైచిలుకు డిగ్రీలు పైకి దాని అసలు చూపు ఉంటుంది. ముఖం 67 డిగ్రీలకు లేపితే ఉపగ్రహం దొరకదు, వెనక బ్రాకెట్ మీద గీసిన అంకెను అనుసరించండి.

తర్వాత ఎల్‌ఎన్‌బీని తన గొట్టంలో తిప్పాలి. చాలామంది వదిలేసే పని ఇదే. ఉపగ్రహం ఒక వరస ఛానెళ్లను అడ్డంగా ఊగే తరంగాలతో, ఇంకో వరసను నిలువుగా ఊగే వాటితో పంపుతుంది. ఒకే చోట రెండు వరసలు పట్టడానికి అది కిటుకు. కానీ మనం ఉపగ్రహానికి పక్కన ఉన్నాం కాబట్టి ఆ అడ్డం, నిలువు మనకు వాలి కనిపిస్తాయి. భూమధ్యరేఖకు దగ్గరవుతున్నకొద్దీ ఈ వాలు పెద్దది, లెక్కకు నెల్లూరులో 42 డిగ్రీలు, ఒంగోలులో 40 వస్తుంది. నిటారుగా బిగించేస్తే రెండు వరసలూ కలిసిపోతాయి. క్వాలిటీ అంకె చూస్తూ ఒక్కో గీత తిప్పి, ఎక్కువ వచ్చిన చోట బిగించండి. తిప్పిన ప్రతిసారీ రెండు మూడు సెకన్లు ఆగాలి, బాక్సు వెంటనే చూపించదు.

ఒక వరస ఛానెళ్లు మొత్తంగా రావడం లేదంటే వోల్టేజీ చూడాలి. బాక్సు అదే వయరులో 13 వోల్టులు పంపితే ఎల్‌ఎన్‌బీ నిలువు వరస తీసుకుంటుంది, 18 పంపితే అడ్డం వరస. కనెక్టరు తుప్పు పట్టి 18 కాస్తా 14 అయి చేరితే ఎల్‌ఎన్‌బీ నిలువు మీదే ఉండిపోతుంది. ఎల్‌ఎన్‌బీ చివర వయరు విప్పి, మధ్య తీగకూ జల్లికూ (దాని చుట్టూ ఉన్న సన్న తీగల అల్లిక) మధ్య మల్టీమీటరు పెట్టి చూడండి. మధ్య తీగ జల్లికి తగలనివ్వకండి, బాక్సు ఆగిపోతుంది. మీటరులో 18 సరిగ్గా ఉండి ఛానెళ్లు రాకపోతే తప్పు కనెక్టరులోనో ఎల్‌ఎన్‌బీలోనో ఉంది.

ఇక కనెక్టరు. పాతది విప్పితే మధ్య రాగి తీగ మీద పచ్చటి పొర కనిపిస్తుంది. ఉప్పు గాలి, తడి, పైగా ఆ వయరులో ఎప్పుడూ ఉండే కరెంటు. మూడూ కలిస్తే రాగిని తినేస్తాయి. పాత చివర అరచేయంత కోసేయండి. లోపల జల్లి నల్లబడి ఉంటే మెరిసే జల్లి కనిపించే దాకా ఇంకా కోయండి. నీరు జల్లి వెంట మీటర్ల కొద్దీ పాకి ఉంటే వయరే మార్చాలి. ఆర్‌జీ-6 వయరు చాలు. పై తోలు పదిహేను మిల్లీమీటర్లు తీసి, జల్లిని వెనక్కి మడిచి, మధ్య తీగ ఏడెనిమిది మిల్లీమీటర్లు బయటికి వచ్చేలా తెల్ల ఇన్సులేషన్ కోయండి. జల్లి పోగు ఒక్కటి మధ్య తీగకు తగిలినా షార్టే. కనెక్టరు ఎక్కించాక తెల్ల భాగం లోపలి అంచుకు సమంగా కనపడాలి, తీగ కొస రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి ఉండాలి. మరచుట్టి బిగించే రకం కంటే నొక్కి బిగించే కంప్రెషన్ రకం మేలు.

దాని మీద మామూలు నల్ల టేపు చుట్టకండి. మన వైశాఖం ఎండకు జిగురు కారి ఊడిపోతుంది. సాగదీసి చుడితే తనలో తాను అతుక్కుపోయే రబ్బరు టేపు దొరుకుతుంది, అది కింది నుంచి పైకి, పెంకులు పరిచినట్టు ఒక చుట్టు మీద ఇంకో చుట్టు సగం కప్పేలా చుట్టండి. పై నుంచి కిందికి చుడితే ప్రతి అంచూ నీటిని లోపలికి పట్టే దోసిలి అవుతుంది. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ పూయకండి, అందులోని ఆమ్లం రాగిని తింటుంది. చివరగా వయరును ఎల్‌ఎన్‌బీ కింద ఒక వంపు వేలాడనివ్వండి, చినుకు ఆ వంపు అడుగున జారి పడిపోతుంది. ఎల్‌ఎన్‌బీ ముందున్న ప్లాస్టిక్ మూత కూడా చూడండి. ఎండకు పగిలి తడి లోపలికి పోవచ్చు, కందిరీగలు అక్కడ గూడు పెట్టడమూ మామూలే.

ఇవన్నీ అయ్యాకా కుండపోతకు పోతుంటే అప్పుడు 90 సెంటీమీటర్ల డిష్ గురించి ఆలోచించండి. వైశాల్యం రెండుంపావు రెట్లు, మిగులు మూడున్నర డెసిబెల్లు పెరుగుతుంది. పోయే పదిహేను నిమిషాలు ఐదారు కావచ్చు, పూర్తిగా ఆగదు. గాలి కూడా అంతే ఎక్కువ పడుతుంది, వాయుగుండం వస్తే స్తంభం సంగతి చూసుకోవాలి. నా మట్టుకు, టీవీ కోసమే అయితే ఆ ఖర్చు దండగ.

ఏటా మార్చి రెండో వారంలో, సెప్టెంబరు చివర ఎండ కాస్తుండగానే పొద్దున 11 గంటల ప్రాంతంలో కొన్ని నిమిషాలు బొమ్మ పోతే ఎవర్నీ పిలవకండి. ఆ రోజుల్లో సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. సూర్యుడు వెలుగే కాదు, 11 గిగాహెర్ట్జ్ సద్దు కూడా పంపుతాడు. ఉపగ్రహం గొంతు అందులో మునిగిపోతుంది.

ఇదే వాన ఇంకొకరికి పనికొస్తుంది. శ్రీహరికోట, చెన్నై, మచిలీపట్నాల్లో వాన, తుపాను జాడ పట్టే డాప్లర్ రాడార్లు ఎస్-బ్యాండులో, అంటే 10 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యంతో నడుస్తాయి. కేయూ బ్యాండు పెట్టి ఉంటే మొదటి వాన తెర దగ్గరే శక్తి అయిపోయి వెనకున్న తుపాను కనిపించదు. 10 సెంటీమీటర్ల అల వానను దాదాపు నష్టం లేకుండా దాటుతుంది, చినుకుల నుంచి రవ్వంత వెనక్కి కొడుతుంది, ఆ రవ్వంత చాలు. తిరిగొచ్చిన అల పౌనఃపున్యంలో వచ్చిన మార్పును బట్టి గాలి ఎటు, ఎంత వేగంతో పోతోందో లెక్కగడతారు.

రొయ్యల గుంటల వాళ్లకు ఒక మాట. ఆక్సిజన్ సెన్సారు నీళ్లలో ఉండొచ్చు, దాని వైర్‌లెస్ యాంటెన్నా మాత్రం నీటి పైన ఉండాలి. ఉప్పునీరు కరెంటును మోస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ అల ఒకటి రెండు సెంటీమీటర్లలోనే చచ్చిపోతుంది. మీటరు లోతున యాంటెన్నాతో సహా ముంచితే అది ఎంత ఖరీదైనదైనా మూగదే. గుంట గట్టు మీద మెరుపు కంటికి కొడుతుంటే పోలరైజ్డ్ అద్దాలు పెట్టుకోండి. నీటి మీద పడి తిరిగొచ్చే వెలుగు ఎక్కువగా అడ్డంగా ఊగుతుంది, ఆ అద్దాలు అడ్డాన్ని ఆపుతాయి. ఇందాక ఎల్‌ఎన్‌బీ తిప్పడానికి చెప్పిందీ దీనికి చెప్పిందీ ఒకే గుణం.

ఓవెన్ 2450 మెగాహెర్ట్జ్, తరంగదైర్ఘ్యం 12.2 సెంటీమీటర్లు. తలుపు జాలీ రంధ్రాలు ఒకటి రెండు మిల్లీమీటర్లు, అంత పెద్ద అల వాటిలోంచి దూరదు. అర మైక్రోమీటరు వెలుగు హాయిగా దూరుతుంది, అందుకే లోపల అన్నం కనిపిస్తుంది. నీటి అణువు సరిగ్గా ఈ పౌనఃపున్యానికే ఊగుతుందని చెప్పేది అబద్ధం. ఇందాక అన్నట్టు నీరు ఎక్కువగా పీల్చేది 20 గిగాహెర్ట్జ్ దగ్గర. అంత పీల్చే చోట పెడితే పై పొర మాడి లోపల పచ్చిగా ఉండేది. వెలుగు వేగం ఇంట్లోనే కొలవాలని ఉంటే, తిరిగే చట్రం తీసేసి పళ్లెం కదలకుండా పెట్టి, పచ్చి అప్పడాలు మూడు నాలుగు పక్కపక్కన పరిచి ఓవెన్ 30 సెకన్లు నడపండి. 40 దాటనివ్వకండి, అప్పడంలో నీరు తక్కువ, మాడి పొగ వస్తుంది. కొన్ని చోట్ల తెల్లగా పొంగి, మధ్యలో పచ్చిగా ఉంటుంది. పొంగిన మచ్చల మధ్య దూరాలు నాలుగైదు కొలిచి సగటు తీస్తే 6 సెంటీమీటర్ల దగ్గర వస్తుంది. అది సగం తరంగదైర్ఘ్యం. రెట్టింపు చేసి 245 కోట్లతో గుణిస్తే సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు తేలుతుంది. పెట్టె లోపల అలలు మూడు దిక్కులా కొట్టుకుంటాయి కాబట్టి ఒక్కో జత తేడాగా ఉంటుంది, ఒక్కటే కొలిచి నిరాశపడకండి.

టవర్ గురించి. తరంగం హాని రెండు దారుల్లో ఉండొచ్చు: అణువులను విరగ్గొట్టడం, వేడెక్కించడం. తరంగం శక్తి ఫోటాన్లనే చిన్న పొట్లాలుగా వస్తుంది. విరగ్గొట్టాలంటే ఒక్కో పొట్లానికి కొన్ని ఎలక్ట్రాన్ వోల్టుల (అణువుల స్థాయిలో శక్తిని కొలిచే ప్రమాణం) శక్తి కావాలి. అతినీలలోహితానికి అది ఉంది, ఎక్స్‌రేకు వేలల్లో ఉంది. 1800 మెగాహెర్ట్జ్‌కు ఉన్నది ఒక ఎలక్ట్రాన్ వోల్టులో లక్షో వంతు కూడా కాదు. మిగిలింది వేడి. 2012 సెప్టెంబరు 1 నుంచి మన దేశం అంతర్జాతీయ పరిమితిని పదో వంతుకు దించింది. అప్పుడు పెట్టిన హద్దు 900 మెగాహెర్ట్జ్ దగ్గర చదరపు మీటరుకు 0.45 వాట్లు, 1800 దగ్గర 0.9. మధ్యాహ్నపు ఎండ 1000 వాట్ల ప్రాంతంలో ఉంటుంది. 20 వాట్ల ట్రాన్స్‌మిటరు, శక్తిని ఒక దిక్కుకు 50 రెట్లు కూర్చే యాంటెన్నా అనుకుంటే, దాని ఎదురుగా 50 మీటర్ల దూరంలో పడేది 0.03 వాట్లు. దూరం రెట్టింపైతే నాలుగో వంతుకు పడిపోతుంది. యాంటెన్నా అడ్డంగా చూస్తుంది కాబట్టి సరిగ్గా దాని కింద ఇంకా తక్కువ.

అయితే పక్కింటి మీది యాంటెన్నా మీ మేడ గది ఎత్తులోనే ఉండి, పది మీటర్లలో సూటిగా గది వైపు చూస్తుంటే అదే లెక్క 0.8 వాట్లు చెబుతుంది, 1800 దగ్గరి ఆ హద్దు పక్కదాకా వచ్చినట్టే, 900 దగ్గరిదైతే దాటినట్టే. అలాంటి చోట కొలిపించమని అడగడం భయం కాదు, న్యాయం. టెలికాం శాఖ తరంగ్ సంచార్ పోర్టల్ దీనికే పెట్టింది. మిగతా ఇళ్లకు టవరు కంటే చెవికి ఆనించిన ఫోనుదే ఎక్కువ పాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద క్యాన్సర్ పరిశోధన చూసే ఐఏఆర్‌సీ 2011లో రేడియో తరంగాలను 2బీ వర్గంలో పెట్టింది. రుజువు కాలేదు, పూర్తిగా కొట్టేయలేదు అన్న వర్గం అది. టవరు దూరమైతే ఫోను అరిచి మాట్లాడినట్టు తన శక్తిని పెంచుకుంటుంది. ఒక్క గీతే ఉన్న చోట గంటసేపు మాట్లాడాల్సి వస్తే స్పీకరు పెట్టి జానెడు దూరంలో పట్టుకోండి, లేదా మిద్దె ఎక్కండి.